గోపల్ల గ్రామంలో దొంగల భయం

కి. రాజనారాయణన్ తమిళ నవల 'గోపల్ల గ్రామం' (1976) ప్రస్తావన వస్తే మనవాళ్లు వలస కథనే తలుచుకుంటారు. చెన్నాదేవి అందం, ఆమెపై కన్నేసిన పాలకుడు, ఇల్లూ వాకిలీ వదిలి దక్షిణానికి నడిచొచ్చిన బంధుజనం, ఏరు దాటించడానికి వంగిన చెట్టు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన తెలుగింటి బిడ్డ రాసిన కథ కనుక ఆ గర్వం సహజమే.

కానీ నవలలో ఆ కథకన్నా ముందు ఒక హత్య వస్తుంది. ఒంటరిగా వెళ్తున్న నిండు చూలాలిని నగల కోసం ఒక దొంగ నీళ్లలో ముంచి చంపుతాడు. ఊరివాళ్లు వాణ్ణి పట్టుకొని, తామే విచారించి, కొరత వేస్తారు. తర్వాత దివిటీ దొంగల భయమూ ఉంది. అడవి కాల్చి పొలాలు చేసుకున్నవాళ్లకు పంటకన్నా ముందు కావలసింది కాపలా.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కోవిల్‌పట్టిలో, ఆపైన విరుదునగర్‌లో నగల కుదువ అప్పులు చూశాను. పొలాన్ని మూటగట్టుకు పోలేం, బంగారాన్ని పోగలం. పరాయి చోట బతికేవాడి ధైర్యమూ అదే, భయమూ అదే. ఈ చిక్కును కి.రా. ఉపన్యాసం లేకుండా ఒక్క హత్యతో చూపించారు. నవల బలం అక్కడుంది.

లోటు కూడా అక్కడే ఉంది. మన వలస చెప్పడానికి మంగత్తాయారు అవ్వ ఉంది. దొంగల వైపు కథ చెప్పడానికి అలాంటి అవ్వ లేదు. మనం చూసేదంతా కోట ఇంటి గడపలోంచే.

ఇది చిన్న విషయం కాదు. నవల చివరికి తెల్లవాళ్ల పాలన ఊరిదాకా వస్తుంది. ఆ తర్వాతి చరిత్ర నవలలో లేదు, మనం కలిపి చదువుకోవాలి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి తెచ్చారు. పుట్టిన కులాన్ని బట్టే మనిషిని దొంగగా నమోదు చేసి, వేలిముద్రలు తీసుకున్నారు. దాన్ని ఎదిరించిన మదురై సీమ పెరుంగామనల్లూరు కళ్లర్లపై 1920 ఏప్రిల్ 3న పోలీసులు కాల్పులు జరిపారు. దేశమంతటా ఆ చట్టం రద్దయ్యింది 1952లో.

గోపల్ల పెద్దల శిక్ష క్రూరమైనదే. అయినా వాళ్లు ఒక మనిషిని అతను చేసిన పనికి శిక్షించారు. ఆ చట్టం మనిషి పనిని చూడలేదు, పుట్టుకను చూసింది. ఈ తేడా మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? మనల్నీ "వడుగర్" అని ఒక్క మాటతో పక్కన పెట్టినవాళ్లున్నారు. అలాంటి మనమే, అప్పు అడగవచ్చినవాడి ఊరూ కులమూ వినగానే "జాగ్రత్త సార్" అని చెవిలో చెబుతాం. ఆ మాట నేను కౌంటరు దగ్గర చాలాసార్లు విన్నాను. చెప్పినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

దీని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 2021లో కి.రా. వెళ్లిపోయారు. ఆయన్ని మనవాడనుకోవడం తేలిక. ఈ నవలను మన భయానికి అద్దంగా చదవడమే కష్టం. మన పిల్లలకు చెన్నాదేవి కథ చెప్పేటప్పుడు ఆ దొంగ కథనూ దాటవేయకుండా చెబుదాం. వాడికీ ఎక్కడో ఒక అవ్వ ఉండే ఉంటుందని కూడా చెబుదాం.