స్ప్రింగు కంటే ముందు చాసిస్

1960లు, 70ల నాటి అమెరికన్ పికప్ ట్రక్కును పొలం దారుల్లో బరువు మోయడానికి తయారుచేశారు. అందుకే ఎత్తుగా ఉంటుంది; తొట్టి ఖాళీగా ఉంటే వెనక భాగం ఇంకాస్త లేచి కనిపిస్తుంది. అలాంటి బండిని కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో తరాలుగా నేలకు దించి నడుపుతున్నారు. అది సోకే, కాదనను. కానీ ఆ పని విలువ కట్టడానికి బండి ఎంత దిగిందో చూస్తే చాలదు. ఫోర్డునూ షెవర్లేనూ ఒకే 4 అంగుళాలు దించినా రెండింటి కిందా జరిగే పని వేరు. ఎంత దించాలన్నది యజమాని ఇష్టం, ఎలా దించాలన్నది మాత్రం చాసిస్‌ను బట్టే. స్ప్రింగు కోసి చేతులు దులుపుకున్నవాడి పనితనం మొదటి గుంతలోనే తెలిసిపోతుంది.

షెవర్లే సి-10 దీనికి బాగా లొంగే బండి. 1960లో దానికి ముందువైపు, రెండు చక్రాలూ విడివిడిగా ఆడే ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది. మొదట్లో టార్షన్ బార్లు, 1963 నుంచి కాయిల్ స్ప్రింగులు. ఇలాంటి అమరికకు డ్రాప్ స్పిండిల్ సరిగ్గా సరిపోతుంది. ఇందులో చక్రం బిగించే ఇరుసు మామూలు చోటుకంటే రెండు, రెండున్నర అంగుళాలు పైన ఉంటుంది కాబట్టి బండి అంత మేర దిగుతుంది. స్ప్రింగు పొడవు గానీ, చక్రాన్ని చాసిస్‌కు కలిపే కంట్రోల్ ఆర్ముల కోణం గానీ మారవు. ఇంకా దించాలనుకుంటేనే పొట్టి స్ప్రింగుల జోలికి పోవాలి. వెనకవైపు ఇంకా ముచ్చటైన ఏర్పాటు. మన లారీలకున్నట్టు కమాను కట్టలు ఉండవు. చాసిస్ మధ్య నుంచి వెనక్కి సాగిన రెండు పొడవాటి ఆర్ములు యాక్సిల్‌ను పట్టుకుంటాయి, బరువును కాయిల్ స్ప్రింగులు మోస్తాయి. ఇదే పద్ధతిని నాస్కార్ రేసు కార్లు దశాబ్దాల పాటు వాడాయి, అక్కడా దాని పేరు ట్రక్ ఆర్మే. అయితే యాక్సిల్ పక్కకు జారకుండా ఆపే పానార్డ్ రాడ్ ఇందులో పొట్టిది. బండి దిగేకొద్దీ దాని కోణం మారి యాక్సిల్‌ను ఒక పక్కకు నెడుతుంది. ఒక టైరు ఫెండరుకు దగ్గరవుతుంది, రెండోది దూరమవుతుంది. సర్దుబాటు చేసుకోగల పొడవాటి రాడ్ వేస్తే గానీ ఆ వంకర తీరదు. 1973 నుంచి సి-10 వెనకకూ కమాన్లే వచ్చాయి. అక్కడ చేసే పని ఫ్లిప్ కిట్: కమాన్ల కింద ఉన్న యాక్సిల్‌ను వాటి పైకి ఎక్కించడం. దానితో ఒక్కసారిగా ఐదారు అంగుళాలు దిగుతుంది. అంత దిగాక యాక్సిల్ చాసిస్ రైలుకు (పక్క దూలానికి) తగులుతుంది కాబట్టి, రైలును అర్ధచంద్రాకారంగా కోసి మందమైన ప్లేటుతో బలపరచాలి. దీన్నే సీ-నాచ్ అంటారు.

ఫోర్డు ఎఫ్-100 దగ్గర ఈ తర్కం తలకిందులవుతుంది. 1965లో ఫోర్డు ట్విన్ ఐ-బీమ్ తెచ్చింది: ఎడమ చక్రాన్ని మోసే బీమ్ కుడివైపున, కుడి చక్రానిది ఎడమవైపున చాసిస్‌కు కీలు మీద వేలాడతాయి. మొరటు రోడ్ల మీద అది మొండిగా పనిచేసింది. కానీ స్ప్రింగు ఒక్కటే పొట్టిది వేస్తే చాసిస్‌తోపాటు కీలు కిందికి దిగుతుంది, బీమ్ వాలు మారుతుంది, చక్రాల పై అంచులు లోపలికి వాలతాయి. కొత్త టైర్ల లోపలి అంచు చూస్తుండగానే అరిగిపోతుంది. ఇక్కడ మార్చాల్సింది బీమ్. కొస దగ్గర పైకి వంపు తిరిగిన డ్రాప్ బీమ్ వేస్తే చక్రం నిటారుగా నిలబడుతుంది. కొందరు మొత్తం విప్పేసి 2003 తర్వాతి క్రౌన్ విక్టోరియా కారు ముందు సస్పెన్షన్‌ను క్రాస్‌మెంబర్‌తో (అడ్డ దూలంతో) సహా బిగిస్తారు. బండి బాగా నడుస్తుంది, స్టీరింగ్ తేలికవుతుంది. అయినా నా ఓటు డ్రాప్ బీమ్‌కే: అసలు డిజైన్ చేసినవాడి ఆలోచన అందులో మిగిలి ఉంటుంది.

బరువు మోయడానికి పుట్టిన బండిని నేలకు ఆనిస్తే ఇక దాని పనేమిటని అడిగేవాళ్లున్నారు. వాళ్ల మాటలో న్యాయముంది; దించిన ట్రక్కులో సస్పెన్షన్ ఆడే చోటు తగ్గుతుంది, నిండా సరుకేస్తే బంప్ స్టాపుల (రబ్బరు దిమ్మల) మీద కూర్చుంటుంది. అయితే యాభై ఏళ్లకు చేరిన, దాటిన ఈ బండ్లలో సిమెంటు బస్తాలు మోస్తున్నవి ఎన్ని? ఇక చట్టం అడ్డు చోటును బట్టి ఉంటుంది. చక్రం రిమ్ము కంటే కిందికి బండి భాగాలు దిగకూడదన్న 1950ల నాటి కాలిఫోర్నియా నిబంధనను 2024లో తీసేశారు. కానీ మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చనివ్వదు, కాబట్టి ఈ విద్య మనకు చూసి ఆనందించేదే. పాతదాన్ని పాడుచేస్తున్నారన్న ఆరోపణ కూడా అన్ని పనులకూ ఒకేలా వర్తించదు. స్పిండిళ్లూ బీములూ విప్పి పాతవి బిగించుకోవచ్చు. కోసిన చాసిస్‌ను వెనక్కి తేవడం కష్టం. అందుకే మంచి గ్యారేజీలు నాచ్‌ను చివరికి ఉంచుతాయి, కోసేముందు తొట్టి ఎత్తి పక్కన పెట్టి రైలులో తుప్పు ఎంత లోతుకు పోయిందో గీకి చూస్తాయి.