రెండో ఏటి కత్తెర

జీడి అంటుకు తొలి పూత వస్తే తుంచెయ్యమంటారు. మొదటి ఏడే కాదు, రెండో ఏడు కూడా. నడుం ఎత్తయినా రాని మొక్క, సంక్రాంతి నాటికి చివర్న గులాబీ చారల చిట్టి పూలు. చెయ్యి ఎలా వస్తుంది? మా భావనపాడు ఇసుక నేలలో ఆ పని మొదలెట్టిన రోజు గట్టు మీద కూర్చున్న మామయ్య, "పిక్క రాకముందే పీక కోసేస్తన్నావేటి అల్లుడూ" అన్నాడు. సరదాకే అన్నాడు గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పాత తోటలో ఈ బాధే లేదు. పిక్క పాతి వదిలేసిన చెట్లవి. నేల నుంచే కొమ్మలు, వాటి కింద పిల్లల ఆటలు. కత్తి పట్టుకుని ఆ వైపు వెళ్తే అమ్మ ఊరుకునేది కాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల గాలి. పేరుకేమో సీతాకోకచిలుక! ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస వరసలకు వరసలే పడుకున్నాయి. వేళ్లతో లేచొచ్చిన చెట్టును ఏ కత్తెరా ఆపలేదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. మా తోటలో నన్ను నిలబెట్టేసినవి మాత్రం నిలువునా చీలిన చెట్లు. చీలినవాటిలో ఎక్కువ భాగం పంగ దగ్గరే చీలాయి.

ఒక చీలికలో వేలు పెట్టి చూశాను. నేను ఒకటే మాను అనుకున్నది నిజానికి రెండు. వాటి మధ్య నల్లగా నలిగిన బెరడు, దాని మీద చీమలు పెట్టిన మట్టి. చెక్కకు చెక్క ఎక్కడా అతుక్కోలేదు. ఇన్నేళ్లూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ లావెక్కాయి, అంతే. పక్కకు చాచుకున్న కొమ్మ అయితే అలా ఉండదు. దాని మొదలు చుట్టూ మాను చెక్క ఏటేటా ఒక పొర కప్పుతూ బిగించి పట్టుకుంటుంది. ఇరుకు పంగలో ఆ పట్టుకు చోటు లేదు. కొమ్మ మానంత లావు అయితే మరీ కష్టం.

తర్వాత బాపట్ల రకం, బీపీపీ-8 అంటులు పెట్టాను. అంటు కింద లేచే చిగుళ్లను గోటితోనే గిల్లేస్తాను. లేకపోతే అడుగు మొక్కే పెత్తనం చేస్తుంది. గాలికి ఊగకుండా ఊతకర్ర. కింది కొమ్మల్ని ఒక్కసారే ఊడ్చెయ్యను, ఆ ఆకుల తిండితోనే కదా మాను బలిసేది. మెల్లమెల్లగా నడుం ఎత్తు వరకు ఖాళీ చేస్తాను. ఆ పైన మూడో నాలుగో కొమ్మలు, తలో దిక్కుకు, ఒకదానికొకటి జానెడు ఎడంగా. ఒకే చోట నుంచి గొడుగు ఊచల్లా లేచినవి చూడ్డానికి ముచ్చటే గానీ, ఉంచను. పోటీ పడి పైకి లేచే జంటలో ఒకటి పోవాల్సిందే. ఇంకా లేతగా ఉంటే, కొయ్యకుండా పక్కకు వంచి కడతాను. ఊళ్లో చిరిగిన వలలకు కొదవా? వెడల్పు పేలిక కడితే బెరడు కోసుకోదు.

పిక్కలేరడం అయ్యాక, వానలు ముదరకముందు కత్తెర. కొమ్మ మొదట ఉబ్బుగా ఒక కట్టు కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకూడదు, దాని అంచు వెంట కొయ్యాలి. మానుకు ఒరిపించి కోస్తే గాయం పెద్దది. చొక్కా తగిలించే కొక్కెంలా మోడు వదిలేస్తే అది కుళ్లుతుంది. మూడేళ్ల కిందట నేను వదిలిన కొక్కేలు ఇప్పటికీ నాకేసి చూస్తున్నాయి. కోత మీద బోర్డో పేస్టు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఇనప బకెట్టు పనికిరాదు. కలిపాక మెరిసే కత్తి ముంచి చూడాలి. అలుగు మీద ఎర్రగా రాగి పడితే ఇంకాస్త సున్నం వెయ్యాలి. ఆకాశం రంగు పూసిన మొక్కల్ని చూసి మామయ్య "పోలియో చుక్కలా?" అన్నాడు.

నూతి దగ్గర ఒక మొక్క మాత్రం రెండు మానులతో లేచింది. "ఆ ఒక్కటీ వదిలెయ్యరా" అంది అమ్మ. వదిలేశాను. ఇప్పుడు రెండూ నా ముంజేతి లావున్నాయి, మధ్యలో బెరడు అప్పుడే లోపలికి మడుచుకుంటోంది. వచ్చే జూన్‌లో కోసేస్తాను. పోయిన జూన్‌లోనూ ఇదే అనుకున్నాను.