ఉప్పెనలో పేరు, సంఖ్య: మచిలీపట్నం మిషనరీ కథనాలు – తెలుగు విపత్తు సాహిత్యం

వ్యాససంగ్రహం

1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నాన్ని ముంచెత్తిన ఉప్పెన, కృష్ణా తీరంలోని క్రైస్తవ మిషను చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం. ఆ మిషను జీవితాన్ని, సంఘాన్ని నమోదు చేసిన ఆంగ్ల జీవితచరిత్రలు, చరిత్రగ్రంథాలు తెలుగు పరిశోధకులకు ఆధారాలుగా ఉపయోగపడుతున్నాయి. వాటిని సమాచారనిధులుగానే కాక కథనాలుగా కూడా చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విపత్తు కథనంలో ఎవరికి పేరు దక్కింది, ఎవరు సంఖ్యగా మిగిలారు, ఎవరికి గొంతు లభించింది అనే మూడు ప్రశ్నలను మిషనరీ రచనలకు, క్రైస్తవ కీర్తనకు, ఆధునిక తెలుగు రచనలకు వర్తింపజేసి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మచిలీపట్నం, ఉప్పెన, మిషనరీ జీవితచరిత్ర, క్రైస్తవ కీర్తన, విపత్తు సాహిత్యం, దళిత క్రైస్తవ సంఘం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో క్రైస్తవ సాహిత్య పరిశోధన ఎక్కువగా మూడు అంశాల చుట్టూ సాగింది. బైబిలు అనువాదాల భాష మొదటిది. నిఘంటువులకు, వ్యాకరణాలకు మిషనరీలు చేసిన సేవ రెండవది. గుర్రం జాషువ వంటి కవుల కృషి మూడవది. మిషనరీలు తమ దేశాలకు రాసుకొన్న లేఖలు, వాటి ఆధారంగా వెలువడిన జీవితచరిత్రలు ఆంగ్లంలో ఉండడంతో చరిత్రకారుల పరిధిలోనే ఉండిపోయాయి. అయితే వాటిలోని మనుషులు తెలుగువారు, ఊళ్లు తెలుగు ఊళ్లు. తెలుగు సమాజాన్ని చిత్రించిన గద్యంగా వాటిని సాహిత్య విమర్శ పట్టించుకోవలసి ఉంది. అందుకు విపత్తు సందర్భం ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. మామూలు రోజుల్లో కనిపించని అంతరాలు విపత్తును వర్ణించేటప్పుడు బయటపడతాయి. చనిపోయినవారిని తలచుకొనే పద్ధతే ఆ కథనం ఎవరి పక్షాన నిలిచిందో చెబుతుంది.

2. మచిలీపట్నం సంఘం: రెండు ముఖాలు

చర్చి మిషనరీ సొసైటీ పక్షాన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ 1841లో తెలుగుదేశానికి వచ్చారు. ఫాక్స్ 1848లో మరణించాడు. 1843లో నోబుల్ మచిలీపట్నంలో ప్రారంభించిన పాఠశాలే తరువాత నోబుల్ కళాశాలగా ఎదిగింది. అగ్రవర్ణ కుటుంబాల పిల్లలకు ఆంగ్లవిద్యతోపాటు బైబిలును బోధిస్తే, వారి ద్వారా సమాజం మారుతుందన్నది అతని విశ్వాసం. 1852లో ఆ పాఠశాల విద్యార్థులు మంచాల రత్నం, అయినాల భూషణం బాప్తిస్మం పొందినప్పుడు పట్నంలో పెద్ద అలజడి రేగి, విద్యార్థులు బడి విడిచిపోయారు. ఈ ఇద్దరూ తరువాత గురువులుగా అభిషేకం పొందారు.

మరోవైపు 1859లో రాఘవాపురం ప్రాంతంలో మాల కులానికి చెందిన పాగోలు వెంకయ్య, మిషనరీ థామస్ డార్లింగ్ చేత బాప్తిస్మం పొందాడు. దీనితో సంఘానికి పల్లె ముఖం ఏర్పడింది. పట్నంలో చదువుకొన్న కొద్దిమంది ఒక పక్క, పల్లెల్లో గుంపులుగా చేరుతున్న దళితులు మరొక పక్క ఉన్న సంఘం అది. ఈ రెంటికీ నడుమ, మచిలీపట్నంలో షార్కీ దంపతులు నడిపిన బాలికల వసతి పాఠశాల ఉండేది. 1864 ఉప్పెన వచ్చేనాటికి మిషను స్వరూపం ఇది.

ఆ రాత్రి గాలివానతోపాటు సముద్రం పట్నంలోకి చొచ్చుకొనివచ్చింది. పట్నంలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ సుమారు 30,000 మంది మరణించారని అంచనా. వసతి పాఠశాల బాలికల్లో పలువురు నీటిపాలయ్యారు. ఉప్పెన తరువాత బందరుకోటలోని సైన్యాన్ని ఉపసంహరించారు. ఒకనాడు కోరమాండల్ తీరంలో ప్రముఖ రేవుగా వెలిగిన పట్నం మళ్లీ ఆ స్థాయిని అందుకోలేదు.

3. జీవితచరిత్ర చట్రంలో ఉప్పెన

నోబుల్ 1865 అక్టోబరు 17న మచిలీపట్నంలోనే మరణించాడు. ఇరవైనాలుగేళ్లలో ఒక్కసారి కూడా అతడు స్వదేశానికి తిరిగి వెళ్లలేదు. అతని సోదరుడు జాన్ నోబుల్ కూర్చిన జీవితచరిత్ర 1867లో లండన్‌లో వెలువడింది. ఈ గ్రంథ నిర్మాణంలో రెండు విషయాలు గమనార్హం. మొదటిది, రచయిత ఉప్పెనకు ప్రత్యక్షసాక్షి కాడు. లేఖల ద్వారా అందిన అనుభవాన్ని ఇంగ్లండు పాఠకులకు అందించాడు. రెండవది, ఉప్పెనకూ కథానాయకుని మరణానికీ మధ్య ఏడాది కూడా లేదు. అందువల్ల వేలమంది ప్రాణాలు తీసిన ఘటన, ఒక వ్యక్తి జీవితంలోని చివరి పరీక్షగా చదువుకొనే స్థానంలో వచ్చి చేరింది. ఈ అమరికకు రచయిత ఉద్దేశం కంటే ప్రక్రియ స్వభావమే ఎక్కువ కారణం. జీవితచరిత్రకు కేంద్రం ఒక్కరే. మిగిలినవారు ఆ ఒక్కరి ఓర్పుకో, దుఃఖానికో, విశ్వాసానికో నేపథ్యమవుతారు.

పందొమ్మిదో శతాబ్దపు ఇవాంజెలికల్ గద్యంలో విపత్తును దైవసంకల్పంగా, హెచ్చరికగా చదవడం సాధారణ రీతి. ఈ పఠనం దుఃఖానికి ఒక అర్థాన్ని ఇస్తుంది కాబట్టి రాసేవారికి ఊరట లభిస్తుంది. కాని అర్థం ఎంత తొందరగా దొరికితే, చనిపోయినవారి వివరాల అవసరం అంత తగ్గుతుంది. బాప్తిస్మంతో అలజడికి కారణమైన రత్నం, భూషణం మిషను చరిత్రలో పేర్లతో నిలిచారు. నీటిపాలైన వసతి బాలికలు మాత్రం తరువాతి కథనాల్లో ఒక మొత్తంగానే మిగిలారు. మతం మారడం కథకు మలుపు తెచ్చే ఘటన కాబట్టి అక్కడ పేరు అవసరమైంది. మరణం నష్టపరిమాణాన్ని తెలిపే ఘటన కాబట్టి అక్కడ లెక్క సరిపోయింది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని పరిగణించాలి. నాటి ప్రభుత్వ రచనలు సైతం ఇదే పని చేశాయి. గార్డన్ మెకంజీ 1883లో ప్రచురించిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఉప్పెనను నమోదు చేసింది. అది పాలనా గ్రంథం. ప్రాంతం, ఆస్తి, ప్రాణనష్టం దాని పరిధి. మిషనరీ రచనను అదే కొలతతో కొలవలేం. ప్రతి ఆత్మకూ దేవుని ఎదుట సమాన విలువ ఉందని చెప్పే బోధ నుంచి పుట్టిన రచన అది. తాను ప్రకటించిన విలువను తన కథన పద్ధతిలో అది ఎంతవరకు పాటించిందన్నది న్యాయమైన విమర్శ ప్రశ్న.

4. ఒంగోలు కథనంతో పోలిక

ఈ ప్రశ్నకు మరొక సమాధానం అమెరికన్ బాప్టిస్టు మిషను రచనల్లో కనిపిస్తుంది. 1876–78 మహాకరువు కాలంలో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పనిని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. తిండి కోసం మతం మారుతున్నారన్న నింద రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు నిలిపివేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషను చరిత్రలన్నింటా ఈ సంఖ్యే పతాక సన్నివేశం. మచిలీపట్నంలో మృతుల లెక్క, ఒంగోలులో చేరినవారి లెక్క. రెండు చోట్లా కథ అంకెలోకి కుదించుకుపోయింది.

అయితే ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువరించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ మరో దారి తొక్కింది. మాదిగల జీవితాన్ని, వారి గురుపరంపరలను, క్రైస్తవంలోకి రాకముందు వారు అనుసరించిన రాజయోగ మార్గాన్ని ఆ పుస్తకం పేర్లతో నమోదు చేసింది. యర్రగుంట్ల పేరయ్య అందులో సంఘం లెక్కను పెంచిన ఒక తల కాడు. ఆధ్యాత్మిక అన్వేషణ గల వ్యక్తి. మిషనరీ దృష్టికోణం ఈ గ్రంథంలోనూ ఉంది. అయినా వినాలన్న ఓపిక ఉంటే అదే ప్రక్రియలో పేరుకు చోటు దొరుకుతుందని ఇది నిరూపిస్తుంది. కాబట్టి మచిలీపట్నం కథనాల మౌనాన్ని కాలధర్మమని చెప్పి దాటవేయలేం.

5. జలప్రళయం, దోనె

విపత్తును అర్థం చేసుకోవడానికి క్రైస్తవ సంఘానికి బైబిలులో రెండు ప్రధానమైన నీటి కథలున్నాయి. ఒకటి నోవహు కాలపు జలప్రళయం. అందులో దేవుడు పైనుంచి తీర్పు తీరుస్తాడు. రెండవది గలిలయ సరస్సుపై తుపాను. అందులో యేసు శిష్యులతోపాటు ఒకే దోనెలో ఉంటాడు. విపత్తును హెచ్చరికగా చూసే గద్యం మొదటి కథకు దగ్గరిది. ‘దోనె’ అన్న మాట ఏట్లో, కాలువలో బతికే తెలుగువారికి నిత్యవ్యవహార పదం. అనువాదకులు ఆ పదాన్ని ఎంచుకోవడంతో గలిలయ కథ తీరవాసుల అనుభవానికి మరింత చేరువైంది.

సంఘం పాడుకొన్న కీర్తన ఈ రెండవ కథ వైపు మొగ్గిందని చెప్పవచ్చు. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారి రచనలతో రూపొందిన ఆంధ్ర క్రైస్తవ కీర్తన, రాగతాళాలను, పల్లవి చరణాల నిర్మాణాన్ని తెలుగు సంకీర్తన సంప్రదాయం నుంచి గ్రహించింది. భవసాగరం, నావ, ఆవలి ఒడ్డు అనే భక్తిసాహిత్య రూపకాలు గలిలయ దోనెతో సులభంగా కలిసిపోయాయి. అంతకంటే ముఖ్యమైనది కీర్తనలోని ఉత్తమపురుష. కీర్తనలోని ‘నేను’ ఎవరు పాడితే వారిదే. చదువురాని కూలీ, వసతిగృహంలోని బాలిక, గురువు ఒకే వాక్యంలో కర్తలవుతారు. నివేదికలో పేరులేని మనిషి గురించి మరొకరు మాట్లాడతారు. కీర్తనలో పేరులేని మనిషి తానే మాట్లాడతాడు. పేరు లేకపోవడం, గొంతు లేకపోవడం వేర్వేరు స్థితులు. మచిలీపట్నం సంఘపు అంతరంగాన్ని అన్వేషించే పరిశోధకుడు మిషను లేఖలతోపాటు ఆనాటి పాటల పుస్తకాలను కూడా సాక్ష్యంగా స్వీకరించాలి.

కీర్తనకు పరిమితి కూడా ఉంది. అందరి దుఃఖాన్ని మోయగల సాధారణతే దాని బలం. అదే కారణంగా ఒక ప్రత్యేకమైన రాత్రిని, ఒక వీధిని, ఒక కుటుంబాన్ని అది గుర్తుపెట్టుకోదు. ఆ ప్రత్యేకతను అందించే పని ఆధునిక సాహిత్యానికి మిగిలింది.

6. ఆధునిక తెలుగు రచనల్లో విపత్తు

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ ఈ చర్చకు కీలకం. ఆ కథలో రావుగారు నియమబద్ధమైన జీవితం గల న్యాయవాది. తుపాను రాత్రి రైల్వే స్టేషనులో అతనికి ఆసరా అయిన బిచ్చగత్తెకు పేరు లేదు. అయినా కథంతా ఆమె మాటలతో, చొరవతో నిండి ఉంటుంది. విపత్తు ఇక్కడ కథానాయకుని నమ్మకాన్ని రుజువు చేసే పరీక్ష కాదు. దాన్ని కూల్చే అనుభవం. మిషనరీ జీవితచరిత్రలో విశ్వాసి స్థిరంగా నిలుస్తాడు, చుట్టూ ఉన్నవారు నేపథ్యమవుతారు. ‘గాలివాన’లో పేరున్న మనిషి చలించిపోతాడు, పేరులేని మనిషి నిలబెడుతుంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ పరిసరాలు శ్మశానాలయ్యాయి. ఈ నేపథ్యంలో వచ్చిన నగ్నముని దీర్ఘకవిత ‘కొయ్యగుర్రం’ దైవసంకల్పమనే వివరణను పక్కకు నెట్టి వ్యవస్థనూ పాలకులనూ నిలదీసింది. 1864 కథనాల్లో అర్థం పైనుంచి వచ్చింది. 1977లో కవి జవాబును కిందనున్న మనుషుల నుంచి, అధికారం నుంచి అడిగాడు. ఈ మార్పు తెలుగు విపత్తు సాహిత్యంలో మౌలికమైనది.

ఈ రెండింటికీ ముందే జాషువ ‘గబ్బిలం’ (1941) మరో ద్వారం తెరిచింది. అది తుపాను కావ్యం కాదు. కాని మిషను చరిత్రలు గుంపుగా లెక్కించిన సమాజం నుంచి వచ్చిన ఒక వ్యక్తి, తన వేదనను ఎవరికి, ఎవరి ద్వారా చెప్పాలో తానే నిర్ణయించుకొన్న కావ్యమది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి, తన నాయకుని సందేశాన్ని కాశీలోని శివునికి పంపడం మిషను చట్రానికి లొంగని స్వేచ్ఛ. కీర్తనలోని సామూహికమైన ‘నేను’ ఇక్కడ కులాన్ని, ఆకలిని ప్రశ్నించే సామాజికమైన ‘నేను’గా మారింది.

7. డోర్నకల్ నుంచి మోరంచపల్లి దాకా

ఈ చర్చ తీరానికే పరిమితం కాదు. 1912 డిసెంబరు 29న వేదనాయకం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అతడు. తరువాత విస్తరించిన ఆ అధ్యక్ష మండలంలో కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా చేరాయి. ఉప్పెన జ్ఞాపకం గల డెల్టా పల్లెలు, చెరువుల కింద బతికే తెలంగాణ పల్లెలు ఒకే సంఘపాలనలోకి వచ్చాయి. దేశీయ పాటను, పండుగను ఆరాధనలోకి ఆహ్వానించిన అజరయ్య కృషిని ఈ కోణంలోనూ అధ్యయనం చేయవలసి ఉంది.

2023 జూలై చివరివారపు వానలు తెలంగాణ లోతట్టు ప్రాంతానికీ అదే అనుభవాన్ని తెచ్చాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. జూలై 27న భూపాలపల్లి జిల్లాలో, చెల్పూరుకు చేరువలోని మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తగా, ఊరివారు ఇళ్లకప్పులెక్కి ప్రాణాలు కాపాడుకొన్నారు. వర్షపాతపు అంకె రికార్డుల్లో భద్రంగా ఉంది. ఆ కప్పులమీద ఎదురుచూసినవారి మాటలను ఇప్పుడే సేకరించకపోతే, 1864 నాటి మౌనమే పునరావృతమవుతుంది. ఆనాటి మౌనానికి విదేశీ రచయితల దృష్టి కారణమని చెప్పుకోవచ్చు. నేటి మౌనానికి అలాంటి సాకు ఉండదు.

ముగింపు

మచిలీపట్నం మిషనరీ కథనాలు లేకపోతే ఆనాటి సంఘం గురించి మనకు ఆ సంఖ్య కూడా దక్కేది కాదు. వాటి విలువను తగ్గించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అవి ఒక ప్రక్రియకు, ఒక పాఠకవర్గానికి, ఒక విశ్వాసానికి కట్టుబడిన రచనలని గుర్తించి చదవాలి. జీవితచరిత్ర నాయకుని నిలిపింది. కీర్తన పేరులేనివారికి గొంతు ఇచ్చింది. ‘గాలివాన’, ‘కొయ్యగుర్రం’, ‘గబ్బిలం’ ఆ గొంతును ఒక్కొక్క వ్యక్తి అనుభవంగా, రాజకీయ ప్రశ్నగా, కుల విమర్శగా విస్తరింపజేశాయి. వీటిని విడివిడి గదుల్లో ఉంచి చదివినంతకాలం తెలుగు విపత్తు సాహిత్య చరిత్ర అసంపూర్ణంగానే ఉంటుంది. సంఘాల మరణ నమోదు పుస్తకాలు, పాత కీర్తన సంపుటాలు, కుటుంబాల్లో మిగిలిన మౌఖిక జ్ఞాపకాలు తదుపరి పరిశోధనకు ఆకరాలు. ఆ ఆకరాల్లో వెతకవలసిన మొదటి విషయం, 1864 నవంబరు 1 రాత్రి నీటిపాలైన వసతి బాలికల పేర్లు.