సిల్తరా కిల్న్‌లో బొగ్గు చేసే పని

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో సిల్తరా వస్తుంది. అక్కడి స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల్లో పొడవాటి ఇనుప గొట్టాలు కొద్దిగా వాలుగా పడుకుని, నిమిషానికి అర చుట్టు చొప్పున నెమ్మదిగా తిరుగుతుంటాయి. వాటినే కిల్న్ అంటారు. బొగ్గును వాయువుగా మార్చే పని అనగానే పెద్ద రసాయన కర్మాగారం గుర్తొస్తుంది. ఇక్కడ ఆ పని కిల్న్ కడుపులోనే, ఇనుప ఖనిజం పక్కనే సాగుతుంది.

ముందు కొంత బొగ్గు కాలి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది కణకణలాడే మరో బొగ్గు ముక్కను తాకి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. ఆ వాయువు ఖనిజంలోకి దూరి ఆక్సిజన్‌ను లాక్కుని, తిరిగి డయాక్సైడై బొగ్గు దగ్గరికే వస్తుంది. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి. ఇక్కడ వేడి 1,000 దగ్గరే ఉంటుంది కాబట్టి గడ్డ గడ్డగానే మిగులుతుంది, ఆక్సిజన్ పోయిన చోటల్లా స్పాంజ్‌లా చిల్లులు పడతాయి.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నవి గాలి పైపులు. కిల్న్ పొడవునా గోడలోంచి లోపలికి దిగి, సరిగ్గా నడిమధ్య తెరుచుకుంటాయి. గాలి పైనున్న వాయువును మండించి వేడి పుట్టించాలి గాని, కింద దొర్లుతున్న బొగ్గు, ఖనిజాల పొరను తాకకూడదు. తాకితే తయారైన ఇనుము మళ్లీ తుప్పే. ఒకే గొట్టంలో పైన మంట, కింద ఆక్సిజన్ లేని చోటు! వేడి మితిమీరితే బూడిద మెత్తబడి గోడకు అంటుకుని రింగ్ కడుతుంది, కిల్న్ ఆపాల్సిందే. అందుకే ఆపరేటర్ వేడిని కొలిచే థర్మోకపుల్ అంకెలు చూస్తూ ఒక్కో గాలి పైపు ఫ్యాన్‌నూ విడిగా సవరిస్తాడు.

బొగ్గుతో స్పాంజ్ ఐరన్ చేసే ఈ విద్యకు మన దేశంలో తొలి బడి తెలుగు నేల మీదే వెలిసింది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచలో ఐక్యరాజ్యసమితి సాయంతో కట్టిన స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అప్పటి సామర్థ్యం ఏడాదికి 30,000 టన్నులు. కోక్‌కు పనికిరాని బొగ్గుతోనూ ఇనుము తీయొచ్చని అక్కడ చేసి చూపించారు. బూడిద ఎక్కువున్న బొగ్గుతో నెట్టుకొచ్చే రాయపూర్‌కు అంతకన్నా ఏం కావాలి?

కిల్న్ పొగలోని దుమ్మును పట్టే యంత్రం ఆగితే మాత్రం ఈ పనితనమంతా చుట్టుపక్కల ఊళ్ల ఆకుల మీద బూడిదై కూర్చుంటుంది. దాన్ని నడపడమూ పనితనంలో భాగమే.

ఇక సరుకు సంగతి: కిల్న్ దాటాక అది తిరిగే కూలర్‌లోకి జారుతుంది. లోపల గాలి తగలకుండా, కూలర్ పైన నీళ్లు చల్లి చల్లారుస్తారు. చివర్న అయస్కాంతం ఇనుమును ఏరుకుంటుంది. మిగిలిన నల్లటి డోలోచార్‌లో ఇంకా కాలని కార్బన్ ఉంటుంది, అది బాయిలర్‌కు పోతుంది.