వెంకటేశం పక్క బెంచీ

ఎస్. రాయవరంలో 1862లో పుట్టిన ఒక పిల్లవాడు చదువు కోసం చీపురుపల్లికీ, అక్కణ్ణించి విజయనగరానికీ వెళ్ళాడు. మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి ఆశ్రయంలో ఉండి 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. పూర్తి చేశాడు. డిగ్రీ చేతికి రాకముందే ఇంగ్లీషులో 'సారంగధర' రాశాడు. 1892లో అతని 'కన్యాశుల్కం' అదే ఊళ్ళో జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు ఆడారు. పాఠం, పుస్తకం, నాటకం మూడూ నడిచి వెళ్ళే దూరంలో దొరికిన బతుకది. తెలుగులో విద్యార్థి జీవితం అనగానే మనకు చూపించే మొదటి నమూనా గురజాడ అప్పారావుదే.

ఆ నమూనాలో ముస్లిం కుర్రాడికి చోటెంత? నేనడిగేది ఇదే. గురజాడను బోనెక్కించాలని కాదు. ఆయన్ని చదవకుండా మేం ఎక్కడికి పోతాం? డిగ్రీలో ఆయన, పీజీలో ఆయన, పరీక్షలో ఆయన. మాకు తప్పని తాత ఆయన. తాతని మనవడు ప్రశ్నలడగొచ్చు.

ముందు వెంకటేశాన్ని చూడండి. తెలుగు నాటకంలో అంత పేరుమోసిన విద్యార్థి మరొకడు లేడు. పరీక్ష తప్పుతాడు. తండ్రికి భయపడి గిరీశాన్ని వెంట పెట్టుకుని ఇంటికి పోతాడు. ఉన్న పుస్తకాలూ లేని పుస్తకాలూ కలిపి జాబితా రాసి, ఆ పేరుతో డబ్బు రాబట్టే ఎత్తు వేస్తారు గురుశిష్యులు. హాలంతా నవ్వుతుంది. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వు వెనక ఒక నిబ్బరం ఉంది. వెంకటేశం తప్పినా వెంకటేశమే. కృష్ణరాయపురం అగ్రహారం అతన్ని మోస్తుంది. తల్లి వెంకమ్మ వెనకేసుకొస్తుంది. మా ఇళ్ళలో పది తప్పినవాడు మర్నాడే మెకానిక్ షెడ్డులో తేలతాడు. పుస్తకాల జాబితా కాదు, స్పానర్ల నంబర్లు బట్టీపడతాడు. ఫెయిలైన కుర్రాడు హాస్యపాత్ర కావాలన్నా కాస్త ఆస్తి ఉండాలి.

ఇక భాష. ఇక్కడ గురజాడ మాకు చేసిన మేలు ఆయనకు కూడా తెలిసి ఉండదు. కన్యాశుల్కం పాత్రల పట్టిక తీసి చూడండి. దుకాణదారు ఉన్నాడు. హవల్దారు ఉన్నాడు. ప్రైవేటు వకీలు ఉన్నాడు. లుబ్ధావధాన్ల నెత్తిన పడేది ఖూనీ కేసు. ఇవన్నీ అరబ్బీ, ఫారసీ గడపలు దాటి ఉర్దూ మీదుగా వచ్చిన మాటలు. ఆయన పుట్టిన ఊరి చిరునామాలో రాసిన జిల్లా, తాలూకా కూడా మా వైపు నుంచి వచ్చినవే. తాలూకా పోయి 1985లో మండలం వచ్చింది. జిల్లా మాత్రం కదల్లేదు. 2022లో రాయవరం విశాఖ నుంచి అనకాపల్లి కిందికి మారినప్పుడు కూడా అది జిల్లాగానే మారింది.

పండితులు వీటికి 'అన్యదేశ్యాలు' అని పేరు పెట్టారు. పరాయి దేశపువి అని. నోట్లో ఉన్న మాట పరాయిదెట్లా అయింది? గ్రాంథికం గెలిచి ఉంటే ఈ మాటల్ని ఏరి పారేసేవాళ్ళు. 1914లో మద్రాసు యూనివర్సిటీకి గురజాడ ఇచ్చిన అసమ్మతి పత్రం వాడుక భాషకు నిలబడింది. వాడుకలో మేమున్నాం కాబట్టి మాకూ నిలబడింది. అయితే తరవాతి వాళ్ళు ఆ వాడుకని శిష్టుల వాడుకగా కుదించారు. మా అమ్మీ మాట్లాడే తెలుగు అందులోకి రాలేదు. అది వేరే స్టేజీల మీదికి 'నీకీ నాకీ' అంటూ సాయిబు వేషం కట్టుకుని వచ్చింది. ఒక కాలేజీ వార్షికోత్సవంలో ఆ వేషం నన్నే వెయ్యమన్నారు. యాస నాకు 'సహజంగా' వస్తుందని! నేను ఇంట్లోనూ క్లాసులోనూ మాట్లాడేది ఉత్తరాంధ్ర తెలుగు. వాళ్ళడిగిన యాస నేనూ సినిమాలు చూసి నేర్చుకోవాల్సిందే.

మాటలుగా లోపలున్నాం. మరి మనుషులుగా?

దానికి 'పెద్ద మసీదు' చదవాలి. గురజాడ కథల్లో ఆ పేరు కనబడగానే ముస్లిం విద్యార్థికి ఒక ఆశ పుడుతుంది. మనింటి గుమ్మం తెరిచారేమోనని. తెరిచి చూస్తే ఆ మసీదు ఇంకొకరి గాయం. గుడి ఉండిన చోట లేచిన మసీదు అది. ఆ కథ బాధ నిజం కాదని నేననను. బాధపడే మనిషికి గుండె ఉంది, మాట ఉంది. మసీదుకు గోడలే ఉన్నాయి. అందులో నమాజుకు నిలబడే బీదవాడు, ఆ గోడల కథ తెలియకుండానే వజూ చేసుకునే ముసలాయన, ఎవరూ కథలోకి రారు. 1910లో 'దేశభక్తి' గీతం రాసి, మతాలు వేరైనా మనసులు కలవొచ్చన్నది కూడా ఈ చెయ్యే. పాటలో కలుపుకున్నంత సులువుగా కథలో కలుపుకోలేకపోయాడు. పాటకు మనసులు చాలు. కథకు మనుషులు కావాలి. మా వీధికి ఆయన ఎప్పుడూ రాలేదేమోనన్నది నా అనుమానం.

మధురవాణి వీధికి మాత్రం వెళ్ళాడు. అదే నన్ను ఆలోచనలో పడేస్తుంది. శిష్టులు పేరెత్తడానికి జంకే వేశ్యకు నాటకమంతటిలోకీ ఎక్కువ తెలివి, ఎక్కువ మర్యాద ఇచ్చిన రచయిత ఆయన. బయటివాళ్ళ కళ్ళతో చూడటం చేతగాని వాడు కాడు. ఆ చూపు మసీదు మెట్ల దాకా రాలేదు, అంతే.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. పాలకుల చరిత్రను మా ఒంటిమీద మచ్చగా ఎందుకు పొడిచారని అడిగిన కావ్యం. 'పెద్ద మసీదు' చెప్పే మాస్టారు ఆ గంటలోనే 'పుట్టుమచ్చ' కూడా చదివిస్తే మా కుర్రాడు తల దించుకుని కూర్చోనక్కర్లేదు. పక్క బెంచీ వాడికీ రెండో వైపు వినబడుతుంది. ఈ రెండూ కలిసి ఉన్న సిలబస్ నాకింతవరకూ కనబడలేదు. శుక్రవారం జుమ్మాకు వెళ్ళొచ్చి, సాయంత్రం కన్యాశుల్కానికి టిక్కెట్టు కొనుక్కునే కుర్రాళ్ళు మాత్రం వాల్తేరులో నాకు తెలిసే ముగ్గురున్నారు.