కొయ్యచీలల పుట్టగొడుగు సేద్యము

2018 అక్టోబరు 11వ తేదీ వేకువజామున తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినప్పుడు, మన ఉద్దాన సీమయందు కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి చెట్లు కూకటివేళ్లతో పెల్లగిలి నేల గూలినవి. ఆ దెబ్బ నుండి తోట తేరుకొనుటకు ఎంతకాలము పట్టునో ఈ సీమవారికి వేరుగ చెప్ప నక్కరలేదు. అట్లు గూలిన చెట్టును, ఏటేట నరకు కొమ్మను మనము వంటచెఱకుగనో, అడితికి తోలు సరుకుగనో చూతుము. ఆ కొమ్మనే ఆహారముగ మార్చు విద్య యొకటి కలదు. చిన్న కొయ్యచీలలకు పుట్టగొడుగు విత్తనమును పట్టించి, వానిని పచ్చిదుంగలో దిగగొట్టి, నీడపట్టున నెలల తరబడి కనిపెట్టుకొని యుండుటయే ఆ విద్య. శుచియు, ఓర్పును దానికి ముఖ్యమైన పెట్టుబడులు.

మన ప్రాంతమున పుట్టగొడుగుల పెంపకమనగానే వరిగడ్డి నింపిన పాలిథీన్ సంచులు స్ఫురించును. ముత్యపుచిప్ప పుట్టగొడుగును వరిగడ్డిపై పండింపవచ్చునని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థయందు జకియా బానో, శ్రీవాస్తవలు 1962లో చూపిన నాటి నుండి దేశమున వ్యాపించిన పద్ధతి అది. కాని ఆ శిలీంధ్రమునకు సహజనివాసము చచ్చిన మ్రాను. 1917లో జర్మనీయందు ఫాల్కు అను శాస్త్రజ్ఞుడు దానిని పండించినదియు దుంగలపైన, చెట్టు మొదళ్లపైననే. అంతకు శతాబ్దముల పూర్వమే చీనాదేశమున దుంగలకు గంట్లు పెట్టి షిటాకే పుట్టగొడుగులను పండించెడివారు. 1313 నాటి వాంగ్ జెన్ వ్యవసాయ గ్రంథమున ఆ విధానము వర్ణితమై యున్నది. గాలిలో తేలివచ్చు బీజము గంటిలో పడినచో పంట, పడకున్న శ్రమ వృథా. ఆ దైవాధీనతను తొలగించినవాడు జపానుదేశీయుడగు మోరి కిసాకు. శుద్ధమైన శిలీంధ్రమును కొయ్యచీలలకు ఎక్కించి దుంగలో నాటు పద్ధతిని అతడు 1940ల తొలినాళ్లలో రూపొందించుటతో, కొండపల్లెల రైతులకు పంటపై ధైర్యము చిక్కెను.

చీల లావు 8 మిల్లీమీటర్లు, పొడవు ఇంచుమించు అంగుళము. పాశ్చాత్యులు బర్చి, బీచి కొయ్యలను వాడుదురు. మనకు మామిడి కలదు. వడ్రంగి చేత సన్నని కమ్మీలుగ నునుపు చేయించి, ఒంటిపై గాడులు గీయించి, ముక్కలు కోయించినచో చాలును. ఆ గాడులలోనే శిలీంధ్రపు తెల్లని తంతువులు తలదాచుకొని, సుత్తిదెబ్బకు నలగక నిలుచును. చీలలను ఒక పగలు, ఒక రాత్రి నీట నానవేసి, వడకట్టి, గాజుసీసాలలో ముప్పాతికవంతు నింపి, మూతికి దూది బిగించి, ప్రెషర్ కుక్కర్‌లో 15 పౌండ్ల ఒత్తిడిన గంటన్నర ఉడికింపవలెను. ఇక్కడ తొందరపడుట తగదు: కొయ్య నడుమ దాగిన బూజుబీజము చావకున్నచో తక్కిన శ్రమయంతయు దాని పాలగును. సీసా పూర్తిగ చల్లారిన పిమ్మట, గాలి కదలని గదిలో, చేతులను స్పిరిటుతో తుడుచుకొని, జొన్నగింజలపై పెంచిన ముత్యపుచిప్ప విత్తనమును, పాలకు తోడు వేసిన చందమున, చీలల నడుమ కలిపి మరల మూయవలెను. సుమారు 25 డిగ్రీల వేడిమిలో, చీకటిలో, మూడు నాలుగు వారములకు చీలలు తెల్లని నూగుతో ఒకదానినొకటి పెనవేసికొనును. పచ్చని మచ్చ గాని, నల్లని మచ్చ గాని కనబడిన సీసాను ఇంట తెరువక పారవేయుట మేలు.

జొన్నగింజనే నేరుగ దుంగలో పెట్టరాదా యని అడుగువారు కలరు. పెట్టవచ్చును గాని, గింజ చీమలకు, ఎలుకలకు విందగును. చీలయందలి శిలీంధ్రమో కొయ్యను తినుట అప్పటికే అలవరచుకొని యుండును, పైగా రంధ్రమును తానే బిరడావలె మూయును.

దుంగ మూరెడు మొదలు రెండు మూరల పొడవు, పిడికిటికి మించిన లావు కలిగి, బెరడు చెదరక యుండవలెను. శీతకాలమున ఆరోగ్యమైన చెట్టునుండి నరికి, రెండు వారములు నీడనుంచి, బరమాతో జానెడు ఎడమున వరుసలుగ తొలిచి, ఒక వరుసకు మరియొక వరుస ఎడమరగ నుండునట్లు చీలలు దిగగొట్టి, కరిగిన మైనముతో మూతులు కప్పవలెను. మామిడి శ్రేష్ఠము. పనసయందు పైచెక్క పనికివచ్చును గాని, పసుపుపచ్చని చేవ చెదలకే లొంగదు, శిలీంధ్రమునకు ఎట్లు లొంగును? కొబ్బరిమొద్దుకు తడిని పట్టి యుంచు బెరడు లేదు. కాశీబుగ్గ జీడి పరిశ్రమల పిక్కల పెంకును ఈ పనికి తేరాదు. దానియందలి నూనె చర్మమును పొక్కించునది.

ఇచట అసలైన శత్రువు చెద. దుంగలను నేలపై పెట్టక ఇటుకలపై నిలిపి, తోటనీడలో నుంచి, వారమునకు రెండుమార్లు తడుపుచుండవలెను. ఆశ్చర్యమేమనగా, చెదపురుగులలో కొన్ని జాతులు మనకంటె ప్రాచీనమైన శిలీంధ్ర కృషీవలులు. తొలివానలకు పుట్టలపై లేచు పుట్టగొడుగులు వాని గూళ్లలో పెరిగిన పంటయే. ఆ పంటను మనుష్యులు ఇంట పండించు ఉపాయము మాత్రము నేటికిని చిక్కలేదు.

ఆరు మాసముల నుండి ఏడాది లోపల తంతువు దుంగనంతయు ఆక్రమించును. అటుపై, చలి మొదలైన దినములలో, దుంగను ఒక దినము నీట ముంచి తీసినచో ముత్యపుచిప్పలు గుత్తులుగ వెలికివచ్చును. వరిగడ్డి సంచిలోని పంట కొన్ని వారములలో ముగియును. దుంగ రెండు మూడేండ్లు పంట నిచ్చుచుండును. వ్యాపారమునకు సంచియే తగును, ఇంటి వంటకు దుంగయే మేలని నా నిశ్చయము.

మూత్రపిండ వ్యాధితో దశాబ్దములుగ బాధపడు ఈ సీమలో ఒక మాట తప్పక చెప్పవలెను. వంద గ్రాముల పచ్చి పుట్టగొడుగులలో 300 మిల్లీగ్రాములకు పైబడి పొటాషియము కలదు; కావున ఆ వ్యాధి యున్నవారు వైద్యుని అడుగక తినరాదు. అడవిలో దొరకిన గుర్తెరుగని జాతిని విత్తనముగ వాడుట ఎవ్వరికిని తగదు. నమ్మకమైన విత్తనము దొరకు చోటును ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రమువారిని అడిగి తెలిసికొనుడు. ఈ శీతకాలమున పొయ్యిలోనికి పోవు మామిడికొమ్మలలో ఒక్కదానిని తీసి యుంచుడు.