అలసందలు తినే మనిషి

రోము చూసి వచ్చినవారి యాత్రా రచనల్లో తిండికొక అధ్యాయం, చిత్రశాలలకొక అధ్యాయం తప్పకుండా ఉంటాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. తిండి నాలుకకూ, కళ ఆత్మకూ చెందినవన్న పాత నమ్మకమే ఈ విభజనకు మూలం. అది తప్పని చెప్పే సాక్ష్యాలు రోములోనే రెండున్నాయి.

మొదటిది కొలొన్నా ప్రభువుల భవనం. అక్కడి పెద్ద హాలు పైకప్పు, 1571 నాటి లెపాంతో నౌకాయుద్ధంలో ఆ వంశీకుడి విజయాన్ని కీర్తిస్తుంది. అదే భవనంలో, రెండడుగుల ఎత్తు కూడా లేని కాన్వాసు మీద అన్నీబాలె కర్రాచ్చి 1580ల మధ్యకాలంలో చిత్రించిన ఒక కష్టజీవి భోజనం చేస్తుంటాడు. గడ్డి టోపీ, మాసిన గోళ్లు, ఎడమచేతి గుప్పిట్లో రొట్టె, బల్ల మీద ఉల్లికాడలు, ద్రాక్షసారా. గిన్నెలోవి మన పల్లెలు ఎరిగిన అలసందలే. చెంచా నోటిదాకా వచ్చి ఆగింది. రసం బొట్లుగా కారుతోంది. అతను మనవైపే చూస్తున్నాడు.

ఆనాటి బొమ్మల్లో, తినే పేదవాడు తరచు నవ్వులాట వస్తువు. కర్రాచ్చి వెక్కిరించలేదు, జాలిపడలేదు. అతని భోజనానికి మనమే అడ్డు వచ్చామనిపించాడు. వాస్తవికత అంటే పేదవాడి బొమ్మ గీయడమేనని అనుకునే రచయితలు ఈ చూపు ముందు కాసేపు నిలబడాలి.

రెండోది తెస్తాచ్చో పేట. 1888-91 మధ్య అక్కడ పెద్ద పశువధశాల కట్టారు. మంచి మాంసం నాలుగు పాళ్లుగా ఉన్నవాళ్ల ఇళ్లకు పోయేది. కార్మికులకు కూలిలో కొంత భాగంగా తోక, పేగులు, పొట్ట దక్కేవి. అందుకే వాటికి 'ఐదో పాలు' అని పేరు. ఆ మిగులును గంటల తరబడి ఉడికించి రుచిగా మలచినవాళ్లు ఆ ఇళ్లవాళ్లే. వధశాల 1975లో మూతబడింది. ఇప్పుడు ఆ షెడ్లలో కళాప్రదర్శనలు జరుగుతాయి. టమాటాతో వండిన ఎద్దుతోక కూర హోటళ్లలో రోము ప్రత్యేకతగా అమ్ముడుపోతుంది.

అయితే ఆ కూర తినడం నేరమా? ఆనందం కనబడగానే అనుమానించే విమర్శకులు మనలోనూ ఉన్నారు. రుచిని కాదంటే, దాన్ని సృష్టించిన చేతుల ప్రతిభను కూడా కాదన్నట్టే. తృప్తిగా తినాలి, తనివితీరా చూడాలి. ఆ తర్వాత రాసేటప్పుడు మాత్రం, వండినవాడినీ బొమ్మలో తింటున్నవాడినీ ఒకే అధ్యాయంలో కూర్చోబెట్టాలి. అది చేయని యాత్రా రచన ఎంత అందంగా ఉన్నా హోటలు బిల్లు కంటే ఎక్కువ చెప్పదు.